బల్ల నుండి బోర్డు దాకా

1984లో నేను కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా క్రొత్తగా చేరిన రోజులవి. ఆంగ్లోపాధ్యాయులు సెలవు పెట్టినందువల్ల ప్రధానోపాధ్యాయులవారు తొమ్మిదవ తరగతి ఇంగ్లీషు పీరియడును నాకు అప్పగించారు. నా ఇంగ్లీషు ఏపాటిదో నాకు తెలుసు గనుక, పాఠంలోని వాక్యాలను పిల్లలచేత తెలుగులో వ్రాయించే పని పెట్టుకున్నాను. నావికులందరూ 'ఆన్ బోర్డ్' వెళ్ళారనే వాక్యం ఒకటి వచ్చింది. చివరి వరుసలోని పిల్లవాడొకడు "నావికులందరూ బల్లమీదికి వెళ్ళారు" అని వ్రాశాడు. చదివి వినిపించగానే తరగతి గొల్లుమంది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఎర్రసిరాతో ఆ వాక్యాన్ని కొట్టివేసి, పైన 'ఓడ ఎక్కారు' అని దిద్ది పుస్తకం ఇచ్చివేశాను. ఆ సంవత్సరమంతా ఆ పిల్లవాడు నా తరగతిలో తనంతట తాను చెయ్యి ఎత్తలేదు.

ఈ సంగతి మరచిపోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య విమానంలో వచ్చిన మా మనుమడు చేతిలోని కాగితం చూపి, "తాతయ్యా, దీన్ని బోర్డింగ్ పాస్ అంటారు గదా, ఇందులో బోర్డు ఎక్కడుంది?" అని అడిగాడు. సమాధానం తోచక పెద్ద నిఘంటువు తీశాను. తీసినవాణ్ణి రెండు రోజులదాకా మూయలేదు.

ప్రాచీన ఆంగ్లంలో 'బోర్డ్' అంటే కోసిన చెక్క, పలక. అదే రూపంలో ఓడ ప్రక్కభాగం, అంచు అనే అర్థంలో మరొక మాట ఉండేదనీ, ఆ రెండూ తొలినాళ్ళలోనే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయనీ భాషాచరిత్రకారులు చెబుతారు. ఓడ ప్రక్కలను పలకలతోనే కడతారు గనుక ఆ కలయికకు ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ పలకల గోడకు లోపల ఉండడమే 'ఆన్ బోర్డ్'. దాన్ని దాటి నీళ్ళలో పడడం 'ఓవర్ బోర్డ్'. ఓడవాళ్ళు వాడుకున్న ఈ మాట తరువాత రైలుకూ, బస్సుకూ, చివరకు విమానానికీ ఎక్కింది. మా మనుమడి చేతిలో కాగితానికి ఆ పేరు అలా వచ్చినదే.

ఓడ కుడిప్రక్కకు ఇంగ్లీషులో 'స్టార్ బోర్డ్' అని పేరు. అందులో నక్షత్రమేమీ లేదు. ఉత్తర ఐరోపావారి పాత ఓడలకు చుక్కాని వెనుక నడుమ గాక కుడిప్రక్కన ఉండేది. నడపడం అనే అర్థం గల 'స్టియర్' అనే మాటే ఇక్కడ ఆ రూపం పొందింది. ఎడమప్రక్కకు 'లార్ బోర్డ్' అనే పేరుండేది. గాలివానలో కేక వేసినప్పుడు రెండు మాటలూ ఒక్కలాగే వినబడేవి. అందువల్ల బ్రిటిషు నౌకాదళం 1844లో 'లార్ బోర్డ్'ను మాని 'పోర్ట్' అనవలసిందిగా ఆజ్ఞ జారీచేసింది. ఉచ్చారణకోసం పిల్లలను విసిగించిన నాబోటివాళ్ళకు ఇది కొంత ఊరట.

ఇక ఇంటిలోని బోర్డు సంగతి. మధ్యయుగపు ఇంగ్లండులో భోజనవేళకు విడి కాళ్ళమీద పొడవాటి పలకలు పరచి, భోజనాలయ్యాక వాటిని తీసివేయడం పరిపాటి. అందుచేత భోజనపు బల్లకే 'బోర్డు' అనే పేరు నిలిచింది. 14వ శతాబ్దం నాటికి దానిమీద వడ్డించిన తిండి కూడా బోర్డే అయింది. మన ఊళ్ళలో హోటళ్ళమీద కనిపించే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్'లో మొదటి మాట తిండి, రెండవది బస. బోర్డింగ్ స్కూలు అంటే తిండిపెట్టి చదువు చెప్పే బడి. 'కప్ బోర్డ్' కూడా మొదట తలుపుల బీరువా కాదు, కప్పులూ పాత్రలూ పేర్చి ఉంచే బల్ల.

పెద్దలు భోజనానికి కూర్చున్నట్లే ఆలోచనకూ బల్లచుట్టూ కూర్చుంటారు. 16వ శతాబ్దంలో 'బోర్డు' అంటే సమాలోచన జరిగే బల్ల. 17వ శతాబ్దంలో ఆ బల్లచుట్టూ కూర్చున్నవారే బోర్డు అయ్యారు. బల్ల సమావేశమైంది, బల్ల తీర్మానించింది, బల్ల జీతాలు ఆపింది!

ఇక్కడికి వచ్చేసరికి నాలోని పాత విద్యార్థి లేచి కూర్చున్నాడు. భాషాప్రవీణ చదివే రోజుల్లో అలంకారశాస్త్రంలో లక్షణావృత్తిని గూర్చి చదివాము. 'మంచాలు అరుస్తున్నాయి' అనేది అక్కడ ప్రసిద్ధమైన ఉదాహరణ. మంచం అరవదు. దానిమీద ఉన్నవారు అరుస్తారు. ముఖ్యార్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరొక అర్థాన్ని గ్రహించడమే లక్షణ. మన పెళ్ళిళ్ళలో 'మొదటి బంతి లేచింది' అంటాము. లేచినది వరుస కాదు, వరుసలో కూర్చుని భోంచేసినవారు. పంక్తి బంతి అయి, బంతి మనుషులైనట్లే, పలక బల్ల అయి, బల్ల మనుషులయింది. ఇంగ్లీషు నిఘంటువులో సంఖ్యలు వేసి విడివిడిగా చూపిన అర్థాలన్నీ ఒకే దారిమీద వచ్చిన మజిలీలని అప్పుడు తోచింది.

బల్లచుట్టూ కూర్చున్న ఈ మనుషులే మన దేశాన్ని ఏలారు. ఈస్టిండియా కంపెనీమీద ఆజమాయిషీకి 1784 చట్టం లండనులో 'బోర్డ్ ఆఫ్ కంట్రోల్'ను ఏర్పరచింది. 1786లో మద్రాసులో రెవెన్యూ బోర్డు వెలసింది. మన రైతుల శిస్తు లెక్కలు చివరకు చేరినది ఆ బల్లమీదికే. మద్రాసు రాజధానిలో 1884 స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు నిలదొక్కుకున్నాయి. రోడ్లు, ఆసుపత్రులు, బడులు వాటి చేతిలో ఉండేవి. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ఆ బడులు జిల్లా పరిషత్తులకు చేరాయి.

నేను బడిలో చేరేనాటికి మా బడి జిల్లా పరిషత్తుదే. అయినా మా నాయనమ్మ దాన్ని 'బోర్డు స్కూలు' అనే అనేది. గోడకు నల్లబోర్డు ఉంది గనుక ఆ పేరు వచ్చిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకనాడు మా నాన్నగారితో ఆ మాటే అంటే, ఆయన నవ్వకుండా కూర్చోబెట్టి జిల్లా బోర్డు అంటే ఏమిటో వివరించారు.

ఆ నల్లబోర్డు బడులలో వాడుకకు వచ్చినది 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో. మన దేశంలో 1987లో ప్రాథమిక పాఠశాలలకోసం 'ఆపరేషన్ బ్లాక్ బోర్డ్' మొదలైంది. అక్కడ నల్లబల్ల అంటే ఒక్క నల్లబల్ల కాదు. బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, అవసరమైన బోధనోపకరణాలు అన్నీ ఆ మాటలో ఇమిడాయి. అదీ లక్షణయే.

తెలుగువారు ఈ మాటను ఎరువు తెచ్చుకుని ఊరుకోలేదు. క్రొత్తగా ప్రాక్టీసు పెట్టిన వకీలు 'బోర్డు కట్టాడు' అన్నాము. డబ్బు దండుకుని పరారైన చిట్టీల కంపెనీ 'బోర్డు తిప్పేసింది' అన్నాము. దివాలాను తెలిపే 'బ్యాంక్రప్ట్' అనే ఇంగ్లీషు మాటకు మూలం ఇటాలియనులో విరిగిన బల్ల అనే అర్థమిచ్చే మాటలు. వారికి బల్ల విరిగితే మనకు బోర్డు తిరిగింది. గుంటూరులో 1976లో వెలసిన పొగాకు బోర్డు కబురూ, ఊరి బస్సు నెత్తిమీది బోర్డూ, ఇంటర్ బోర్డు పరీక్షా మన రైతు ఒక్క పూటలో మాట్లాడుకుంటాడు. ఏ బోర్డు ఏదో అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

నిఘంటువు మూసేవేళకు చివరి వరుసలోని ఆ పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. ఏటి అవతలి ఊరినుండి మా బడికి వచ్చే పిల్లలలో వాడొకడు. వాళ్ళు రోజూ రెండు పూటలా కృష్ణను దాటేది పలకలు పరచి కట్టిన బల్లకట్టు మీద. 'బల్లమీదికి వెళ్ళడం' అంటే వాడికి నీటిమీద ప్రయాణానికి సిద్ధం కావడమే. వాక్యం ఓడను గూర్చినదని వాడికి తెలుసు. తెలిసే వ్రాశాడు. వాడి తెలుగు ఆ ఇంగ్లీషు మాట పుట్టుకకు నేను దిద్దిన తెలుగుకన్నా దగ్గరగా ఉంది.

'ఓడ ఎక్కారు' అని దిద్దడం తప్పు కాదు. పరీక్షలో మార్కు దానికే వస్తుంది. కాని దిద్దేముందు "బల్ల అని ఎందుకు వ్రాశావు నాయనా?" అని అడిగి ఉండవలసింది. మా నాన్నగారు నాకు చేసిన ఉపకారం అదే. లక్షణావృత్తిలో పరీక్ష నెగ్గి పట్టా పుచ్చుకున్నవాడిని, దానికి అంత చక్కని ఉదాహరణ ఒక పిల్లవాడి పుస్తకంలో కనిపిస్తే దానిమీద ఎర్రగీత గీశాను.