బెజవాడ ఎండల్లో బ్రెడ్ పిండి: ఎంతసేపు ఉంచాలి?

ఇంట్లో బ్రెడ్ చేయడం మొదలుపెట్టినవాళ్లకు తొలి దెబ్బ పిండి దగ్గరే తగులుతుంది. వీడియోలో చెప్పినట్టే గంటసేపు పక్కన పెడతారు. తీరా చూస్తే పిండి గిన్నె దాటి పొంగి, పుల్లటి వాసన కొడుతుంది. ఓవెన్‌లో పెట్టాక నడుమ కుంగిపోతుంది. వంటకాల్లో రాసే ఆ గంట సాధారణంగా 25 డిగ్రీల చుట్టూ ఉండే గదికి వేసిన లెక్క. మే నెలలో విజయవాడలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు వంటగదిలో అదే పిండి చాలా ముందుగానే రెట్టింపవుతుంది. ఇడ్లీ పిండి చలికాలంలో రాత్రంతా ఉంచినా పొంగక, ఎండాకాలంలో కొన్ని గంటలకే పులిసిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు.

అసలు నానడం వేరు, పొంగడం వేరు. ఈస్ట్ వేయకపోయినా పిండి నానాలి. మైదాలోని ప్రొటీన్లు నీళ్లతో కలిసి గ్లూటెన్ అనే సాగే జాలంగా మారతాయి. పిసికిన వెంటనే ఆ జాలం బిగుసుకుని ఉంటుంది, ఒత్తితే వెనక్కి లాక్కుంటుంది. కాసేపు వదిలేస్తే మెత్తబడి మాట వింటుంది. పరోటా మాస్టర్లు ఉండలకు నూనె రాసి, తడిగుడ్డ కప్పి వదిలేసేది ఇందుకే. ఫ్రెంచ్ బేకింగ్ నిపుణుడు రేమండ్ కాల్వెల్ 1970లలో ఇలాంటి పద్ధతినే బ్రెడ్‌కు ప్రచారంలోకి తెచ్చారు. ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి 20-30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే ఈస్ట్, ఉప్పు. పిసికే శ్రమ చాలా తగ్గుతుంది.

పొంగించేది ఈస్ట్, అంటే ఉర్దూలో ఖమీర్. అరకిలో మైదాకు సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు సరిపోతాయి. ఇన్‌స్టంట్ ఈస్ట్ చలికాలంలో ఒక టీస్పూన్, ఎండాకాలంలో అర టీస్పూన్ చాలు. గోరువెచ్చని నీళ్లు పోయమనే సలహాను వేసవిలో పక్కన పెట్టేయొచ్చు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు అప్పటికే కాగి ఉంటాయి, ఫ్రిజ్ నీళ్లే మేలు. వానాకాలంలో డెల్టా గాలిలో తేమ ఎక్కువ, పిండి కూడా కొంత తేమ పీల్చుకుని ఉంటుంది. కాబట్టి రెండు మూడు చెంచాల నీళ్లు ఆపుకుని, అవసరమైతేనే పోయాలి. చేతికి అంటుకుంటోందని పొడిపిండి చల్లుకుంటూ పోతే బ్రెడ్ గట్టిపడుతుంది. చేతులకు కాస్త నూనె రాసుకుంటే చాలు.

అచ్చులో పెట్టిన పిండి పొంగిందో లేదో వేలే చెబుతుంది. వేలికి పొడిపిండి అద్దుకుని మెల్లగా నొక్కాలి. గుంట వెంటనే లేస్తే ఇంకా టైం పడుతుంది. నెమ్మదిగా లేచి కొంచెం గుర్తు మిగిలితే ఓవెన్‌లో పెట్టేయాలి. అసలు లేవకపోతే దాటిపోయినట్టే.

ఎండాకాలంలో ఈ తలనొప్పి లేకుండా ఉండాలంటే ఫ్రిజ్ అన్నింటికంటే మంచి దారి. రాత్రి పిండి కలిపి, మూత పెట్టి లోపల పెడితే 8 నుంచి 12 గంటల్లో నిదానంగా పొంగుతుంది, రుచీ పెరుగుతుంది. గిన్నెలో సగం ఖాళీ ఉండాలి. పొద్దున్నే తీసి, అచ్చులో వేసి, మళ్లీ పొంగాక ఎండ ముదరకముందే కాల్చేసుకోవచ్చు.

దాటిపోయిన పిండినైనా పారేయక్కర్లేదు. గాలి తీసి మళ్లీ చుట్టి పెడితే చాలాసార్లు లేస్తుంది. మరీ పులిసిపోతే చిన్న ఉండలు చేసి, పలచగా ఒత్తి, పెనం మీద నాన్‌లా కాల్చితే సరి.