అయాన్ల ఆర్ద్రీకరణం

నీటిలో కరిగిన అయాను చుట్టూ నీటి అణువులు ఒక క్రమంలో చేరడాన్ని ఆర్ద్రీకరణం అంటారు. నీటి అణువులో ఆక్సిజన్ కొసన స్వల్ప రుణావేశం, హైడ్రోజన్ కొసల్లో ధనావేశం ఉంటాయి. అందుకే సోడియం వైపు ఆక్సిజన్, క్లోరైడ్ వైపు హైడ్రోజన్ తిరిగి నిలుస్తాయి. సోడియం చుట్టూ మొదటి వరుసలో అయిదారు అణువులుంటాయి, అవీ నిలకడగా ఉండవు. సెకనులో వంద కోట్లవ వంతు గడవకముందే చోటు మారతాయి. మెగ్నీషియం తీరు వేరు. చిన్న అయాను, రెట్టింపు ఆవేశం. ఆరు అణువులను మైక్రోసెకన్ల పాటు పట్టి ఉంచుతుంది. ఆర్ద్రీకరణలో వెలువడే శక్తి సోడియానికి మోల్‌కు సుమారు 406 కిలోజౌళ్లు, మెగ్నీషియానికి 1,920.

ఈ తేడా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మళ్లలో కంటికే కనబడుతుంది. సముద్రపు నీరు ఎండకు దాదాపు పదో వంతుకు తగ్గేసరికి సోడియం క్లోరైడ్ గళ్లు కడుతుంది. ఆ స్ఫటికంలో నీటి అణువు ఒక్కటీ ఉండదు. అంతకుముందే అడుగున చేరిన జిప్సంలో మాత్రం ఉంటుంది. మెగ్నీషియం చివరిదాకా మడిలోని చేదు నీటిలోనే మిగులుతుంది. ఆ నీరు సరిగా వార్చని కల్లుప్పు వానాకాలం జాడీలో చెమ్మగిల్లుతుంది. తప్పు ఉప్పుది కాదు, దాన్ని అంటుకున్న మెగ్నీషియం క్లోరైడ్‌ది. అది స్ఫటికంగా మారినా ఆరు నీటి అణువులను వెంట ఉంచుకుంటుంది. గట్టిగా కాచితే నీటితో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వెలువడుతుంది.