పాత యంత్రాలకు కొత్త కూలీలు

శ్రమశక్తి విలువలో దానికి కావలసిన శిక్షణ ఖర్చు కూడా చేరి ఉంటుందని మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో వివరించాడు. అయితే ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది? యజమాని భరిస్తాడా, ప్రభుత్వమా, లేక కార్మికుడి కుటుంబమా? ఇది ఆయా కాలాల్లో వర్గాల బలాబలాల్ని బట్టి తేలే విషయం. తెలుగునాట 1990ల చివర ఈ ప్రశ్నకు దొరికిన జవాబు విచిత్రమైనది. అమెరికా బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ చెందిన పాత కంప్యూటర్లను బాగుచేసే పనివాళ్ళు హైదరాబాదులోని అమీర్‌పేట సందుల్లో తయారయ్యారు. ఆ తయారీకి డబ్బు పెట్టింది ఆ బ్యాంకులు కావు.

మొదట్లో పరిస్థితి ఇలా ఉండేది కాదు. వ్యాపార లెక్కల కోసం కోబాల్ అనే భాష రూపకల్పన అమెరికాలో 1959లో మొదలైంది. దాని వెనుక అక్కడి రక్షణశాఖ ప్రోద్బలం ఉంది. అప్పటికి ప్రోగ్రామర్ అనే వృత్తి స్థిరపడలేదు, దాన్ని నేర్పే కాలేజీలూ లేవు. కనక కంపెనీలే మనుషుల్ని వెతుక్కున్నాయి. ఐబీఎం 1955 నుంచీ ఒక అభిరుచి పరీక్ష పెట్టింది. చదరంగం ఆడేవాళ్ళూ, సంగీతం తెలిసినవాళ్ళూ కూడా ఈ పనికి పనికొస్తారని అనుకునేవారు. తీసుకున్నవాళ్ళకు జీతమిస్తూనే పని నేర్పారు. ఇందులో ఔదార్యమేమీ లేదు. వేరే దారి లేదు, అంతే.

మన దేశంలో కూడా మొదటి తరం కథ దాదాపు ఇదే. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసింది. విదేశీ వాటాను తగ్గించుకోవాలన్న షరతుకు ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్ళినప్పుడు, అది వదిలిపోయిన యంత్రాల పోషణను ప్రభుత్వరంగంలోని సీఎంసీ చేపట్టింది. పాత యంత్రాన్ని నడిపించే విద్య అప్పుడు జాతీయ అవసరం. దాన్ని నేర్చుకునే కాలం కూడా ఉద్యోగకాలమే.

ఆ స్థితి తారుమారైంది 1990లలో. కోబాల్ ప్రోగ్రాములు ఎనభై గళ్ళ పంచ్‌కార్డుల కాలంలో పుట్టినవి. జాగా పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవారు. 1976 అంటే 76. రెండువేల సంవత్సరం వస్తే ఆ రెండంకెలు సున్నా సున్నా అవుతాయి, యంత్రం దాన్ని 1900గా లెక్కకట్టవచ్చు. అప్పుడు వడ్డీ లెక్కలూ, పింఛన్లూ, బీమా గడువులూ అన్నీ తలకిందులే. అలా తప్పకుండా ఉండాలంటే కోట్ల వరసల పాత రాతను ఒక్కొక్కటిగా చదివి దిద్దాలి. పని అపారం. కాని దానికి గడువు ఉంది. గడువు తీరిన తర్వాత మనుషులతో అవసరం తగ్గిపోతుంది. అలాంటి పనికి ఏ యజమానీ శాశ్వత ఉద్యోగి మీద శిక్షణ ఖర్చు పెట్టడు. అరువుకు దొరికే మనుషులు కావాలి. 1990 నాటి అమెరికా వలస చట్టం హెచ్-1బి వీసాను ఏర్పరచింది. ఏటా 65,000గా ఉన్న ఆ వీసాల పరిమితి 1999లో 1,15,000కూ, 2001లో 1,95,000కూ పెరిగింది.

అమీర్‌పేట విషయం కాస్త నిదానంగా చూడాలి. మైత్రీవనం చుట్టుపక్కల మేడల్లో బ్యాచీలు బ్యాచీలుగా కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్పారు. రెండు మూడు నెలల కోర్సు, జెరాక్సు నోట్సు, పక్క వీధిలో హాస్టలు. మెయిన్‌ఫ్రేమ్ అనే మహాయంత్రాన్ని కంటితో చూసే అవకాశం విద్యార్థికి ఉండేది కాదు. చిన్న కంప్యూటర్ మీదనో, కాగితం మీదనో అభ్యాసం. కోబాల్‌లో పేరాలు ఎనిమిదో గడి నుంచి మొదలుకావాలి, వాక్యాలు పన్నెండో గడి నుంచి. పంచ్‌కార్డును ఎన్నడూ చూడని కుర్రవాడు ఆ కార్డు పెట్టిన నియమాన్ని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాడు. నేర్పే మాస్టరు కూడా తరచు వీసాకోసం కాచుకున్నవాడే. కోర్సు అయ్యాక అనుభవం అడుగుతారు. లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే వ్యాపారం కూడా పక్కనే వెలిసింది. దీన్ని కుర్రవాళ్ళ నీతిలోపంగా చూసేవారున్నారు. అనుభవం ఇచ్చే బాధ్యతను ఎవ్వరూ తీసుకోకుండా అందరూ అనుభవాన్నే అడిగే మార్కెట్టు గురించి వారు మాట్లాడరు.

ఇక డబ్బు సంగతి. చైనా సామాజిక శాస్త్రవేత్త షియాంగ్ బియావ్ హైదరాబాదులోనూ సిడ్నీలోనూ ఉండి పరిశోధించి 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకం ప్రచురించాడు. మనవాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసినదాన్ని ఆయన సూటిగా పట్టుకున్నాడు. అది కట్నానికీ ఈ ఎగుమతికీ ఉన్న బంధం. కోర్సు ఫీజు, కన్సల్టెన్సీకి కట్టే సొమ్ము, టిక్కెట్టు, అక్కడికి పోయాక పని దొరికేదాకా ‘బెంచి’ మీద కూర్చునే నెలలు. వీటికి పెట్టుబడి భూమి నుంచి వచ్చింది, పెళ్ళికూతురి తండ్రి నుంచి వచ్చింది. ప్రపంచంలోకెల్లా అధునాతనమని చెప్పే పరిశ్రమ మన భూస్వామ్య ఆచారాన్ని రద్దుచేయలేదు సరికదా, దాన్ని మూలధనంగా వాడుకుంది. కట్నం రేటు పెరిగిందని చెప్పుకున్నాం. ఆ కట్నం ఏ దేశపు బ్యాంకు శిక్షణ ఖర్చును ఆదా చేసిందో లెక్క చూడలేదు.

ఈ అవకాశం కూడా అందరిదీ కాదు. మొదటి వరసలో నిలబడ్డవాళ్ళు ఎక్కువగా కోస్తా జిల్లాల భూవసతిగల కులాలవాళ్ళు. అప్పటి వరంగల్ జిల్లాలోని చిట్యాల వంటి మెట్ట మండలంలో పెట్టుబడి అంటే పత్తి పెట్టుబడి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ బ్యాచీలు కిటకిటలాడుతున్న 1997-98లోనే వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టి, మందు దుకాణాల అప్పు తీర్చలేక రైతులు అదే మందు తాగారు. ఈ రెండు ఘటనల్నీ మనం వేర్వేరు అరల్లో పెట్టుకున్నాం. నిజానికి రెండింటిలోనూ పనిచేసిన సూత్రం ఒకటే. దూరపు మార్కెట్టు కోసం స్థానిక కుటుంబం అప్పుచేసి నష్టభయాన్ని తన నెత్తిన వేసుకోవడం. పరకాల మీదుగా హనుమకొండకూ, అక్కణ్ణించి హైదరాబాదుకూ ఈ ప్రాంతపు పిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజనీరింగు చదువులకు వెళ్ళింది తర్వాత, ముఖ్యంగా 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక. అప్పుడు కూడా డిగ్రీ ఖర్చు ప్రజలది. డిగ్రీ తర్వాత ‘ఉద్యోగానికి తగినవాడు’ కావడానికి అమీర్‌పేటలో పెట్టే ఖర్చు ఇంటివాళ్ళది.

పాత లిపి తెలిసినవాడి చేతిలో అధికారం ఉండటం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. సేత్వార్, పహాణీ, ఖాస్రా అనే దస్తరాలు చదవగల పట్వారీ ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ విద్యను ఇంటి ఆస్తిలా తండ్రి నుంచి కొడుకు అందుకున్నాడు. 1984లో ఆ వంశపారంపర్య పదవుల్ని రద్దుచేసేదాకా అది సాగింది. కోబాల్ కూడా అలాంటి దస్తరమే. మరి దాన్ని చదవగలిగిన తెలుగు కుర్రవాడికి అధికారం ఎందుకు రాలేదు? ఎందుకంటే పట్వారీ ఇంట్లో పెట్టె ఉండేది, కాగితాలు ఆ పెట్టెలో ఉండేవి. ఇతనికి చదువు ఒక్కటే ఉంది, దస్తరం యజమానిది. రెండువేల సంవత్సరం గండం గడిచింది. 2001 మాంద్యంలో వేలమంది బెంచి మీదికి వచ్చారు.

మన కథల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చాలాసార్లు జీతంగానో, వీసాగానో, వృద్ధులైన తల్లిదండ్రుల ఒంటరితనానికి కారకుడిగానో కనిపిస్తాడు. అతను రోజంతా ఏం చేస్తాడో కథలో తక్కువ. మగ్గం గురించి, గని గురించి రాసిన సాహిత్యంలో పని కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో రాసి వదిలేసిన, అర్థం చెప్పే మనిషి లేని ఐదువేల వరసల్ని రాత్రంతా చదవడం కూడా పనే.

ఆ పాత రాత పోలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలపు నిరుద్యోగ భృతి దరఖాస్తుల తాకిడికి న్యూజెర్సీ రాష్ట్రపు పాత యంత్రాలు తట్టుకోలేకపోయినప్పుడు, కోబాల్ తెలిసినవాళ్ళు స్వచ్ఛందంగా ముందుకు రావాలని అక్కడి గవర్నరు బహిరంగంగా కోరాడు. జీతమిచ్చి నేర్పడంతో మొదలైన చరిత్ర జీతం లేకుండా పిలవడం దాకా వచ్చింది. 2023లో ఐబీఎం కోబాల్‌ను జావాలోకి మార్చడానికి సాయపడే కృత్రిమ మేధ సాధనాన్ని ప్రకటించింది. అది మార్చి ఇచ్చినదాన్ని పాతదానితో పోల్చి తప్పొప్పులు చూడాలంటే, రెండూ చదవగల మనిషి మళ్ళీ కావాలి. అతనికి ఆ చదువు ఎవరి ఖర్చుతో వస్తుందో ఆ ప్రకటనలో లేదు.