నయమైన రోగం, మిగిలిన కీలు: తెలుగునేలపై పాత ఇన్‌ఫెక్షన్ల రోగులు, కీలుమార్పిడి చికిత్స – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కీలుమార్పిడి శస్త్రచికిత్స నేడు వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలకు చికిత్సగా ప్రసిద్ధం. అయితే దాని తొలి ప్రయత్నం జరిగింది క్షయ తిన్న మోకాలికి. ఆ ప్రయత్నం విఫలమైన తరువాత ఇన్‌ఫెక్షన్ సోకిన కీలు చాలాకాలం ఈ చికిత్సకు అనర్హంగానే మిగిలింది. ఆ అనర్హత వైద్యశాస్త్రంలో క్రమంగా సడలినా, ప్రజారోగ్య విధానంలో వేరే రూపంలో కొనసాగిన తీరును పూర్వపు కృష్ణా జిల్లా మెట్టప్రాంతపు సరిహద్దు గ్రామమైన గరికపాడు నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కీళ్ల క్షయ, కీలుమార్పిడి, ఆరోగ్యవరం, ఆరోగ్యశ్రీ, గరికపాడు.

1. ఉపోద్ఘాతం:
కీళ్లను శాశ్వతంగా దెబ్బతీసే ఇన్‌ఫెక్షన్లలో రెండు ముఖ్యమైనవి. మొదటిది క్షయ. అది వెన్నెముక తరువాత ఎక్కువగా తుంటిని, మోకాలిని ఆశ్రయిస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా మృదులాస్థిని తినివేసి, కాలిని వంకరగానో పొట్టిగానో మిగులుస్తుంది. రెండవది పసితనంలో కీలులో చీము పట్టే వ్యాధి. 1874లో లండన్ వైద్యుడు టామ్ స్మిత్ దీనిని వర్ణించాడు. నేటికీ మన వైద్యకళాశాలల్లో దీనిని ఆయన పేరుతోనే బోధిస్తారు. ఇది కొద్దిరోజుల్లోనే తుంటి బంతిని కరిగించగలదు. జ్వరం తగ్గి శిశువు బతుకుతుంది, కాని నడక నేర్చే వయసులో కుంటు బయటపడుతుంది. రెండు సందర్భాల్లోనూ క్రిములు పోయిన తరువాత అసలు సమస్య మిగిలి ఉంటుంది. ‘నయం కావడం’ అంటే ఏమిటన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

2. తొలి ప్రయత్నం, తొలి నిషేధం:
1890లో బెర్లిన్‌లో థెమిస్టొక్లీస్ గ్లూక్ అనే శస్త్రవైద్యుడు క్షయతో పాడైన మోకాలి స్థానంలో ఏనుగుదంతంతో చేసిన కీలును అమర్చాడు. మొదట్లో ఫలితం ఆశాజనకంగా కనిపించినా, నిద్రాణంగా ఉన్న వ్యాధి తిరగబెట్టి చీము పట్టింది. దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్ ఉన్న కీలులో ఇటువంటి అమరిక తగదని చివరకు గ్లూక్ స్వయంగా అంగీకరించాడు. ఆ విధంగా కీలుమార్పిడి చరిత్రలో మొదటి రోగులే మొదటి అనర్హులయ్యారు.

3. ఆరోగ్యవరం నుండి ఇంటి చికిత్స వరకు:
తెలుగునేలపై క్షయ చికిత్సకు తొలి పెద్ద కేంద్రం మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. 1910వ దశకంలో క్రైస్తవ మిషన్ల ఉమ్మడి కృషితో అక్కడ శానటోరియం వెలిసింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి నాయకత్వం వహించాడు. మందులు లేని ఆ కాలంలో క్షయకు విశ్రాంతి, మంచిగాలి, పోషకాహారమే చికిత్స. కీళ్ల క్షయకు వీటితోపాటు బద్దలు కట్టి, బరువులు వేలాడదీసి కాలిని కదలకుండా ఉంచడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని కీలు బిగిసిపోతే దానినే నయమైనట్లు భావించేవారు.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనడంతో పరిస్థితి మారింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లే పరిశోధనశాల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు లొంగసాగాయి. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఊపిరితిత్తుల క్షయకు ఇంటివద్ద మందులు వాడినా శానటోరియంతో సమానమైన ఫలితం వస్తుందని 1959లో నిరూపించింది. పేదలకు ఇది గొప్ప మేలు. అయితే మాత్రలు ఇంటికి వెళ్లినంత సులభంగా బద్దలూ బరువులూ వ్యాయామ శిక్షణా ఇంటికి వెళ్లలేవు. ఊపిరితిత్తులను దృష్టిలో ఉంచుకుని రూపొందిన విధానంలో కీలు వెనుకబడటం సహజ పరిణామం.

4. కూర్చునే అలవాటు – శస్త్రచికిత్స ఎంపిక:
బిగిసిన తుంటితో నిలబడి పనిచేయవచ్చు. కాని నేలమీద బాసిపట్లు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం సాధ్యం కాదు. వరినాట్లు, మిరపకోతలు, పంక్తిభోజనాలు, బహిర్భూమి అలవాట్లు ఉన్న సమాజంలో ఇది చిన్న లోపం కాదు. ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు గర్డిల్‌స్టోన్ పేరుతో ప్రసిద్ధమైన శస్త్రచికిత్సలో పాడైన తుంటి బంతిని తొలగించి ఆ స్థానాన్ని ఖాళీగా వదులుతారు. కాలు పొట్టి అవుతుంది, చేతికర్ర అవసరమవుతుంది. కాని కీలు వంగుతుంది. వారణాసికి చెందిన ఎస్.ఎం. తులి, ఆయన సహచరుడు 1981లో ప్రచురించిన పరిశీలన, క్షయ, చీము వ్యాధుల తుంటికి ఈ పద్ధతి భారతీయ జీవనానికి ఎలా అనుకూలిస్తుందో చూపింది. స్థిరమైన కాలా, వంగే కాలా అన్న ఎంపికలో వైద్యంతోపాటు రోగి జీవనవిధానమూ పాలుపంచుకుంది.

5. నిషేధం సడలిన క్రమం:
ఆధునిక తుంటిమార్పిడికి 1962లో జాన్ ఛార్న్‌లీ రూపమిచ్చిన ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి మొదట క్షయ ఆసుపత్రే కావడం గమనార్హం. ఇన్‌ఫెక్షన్ భయంతో ఆయన శుద్ధిచేసిన గాలి ప్రసరించే శస్త్రచికిత్సా గదిని రూపొందించాడు. 1970లో జర్మనీకి చెందిన బుక్‌హోల్జ్ ఎముక సిమెంటులో యాంటీబయాటిక్ కలిపే పద్ధతిని ప్రకటించాడు. 1980లలో పాత క్షయ తుంటికి మార్పిడి చేసిన అనుభవాలను దక్షిణ కొరియా వైద్యులు ప్రచురించారు. వ్యాధి అణగి ఏళ్లు గడిచి ఉండటం, క్షయ మందులు క్రమం తప్పకుండా వాడటం ఉంటే ఫలితం నమ్మదగినదని తేలింది. రక్తపరీక్షలు, కీలులోని ద్రవపరీక్ష, శస్త్రచికిత్సలో తీసిన కణజాలపు పరీక్ష తప్పనిసరి అయ్యాయి. అనుమానం మిగిలితే ముందు కీలును శుభ్రపరచి, మందు కలిపిన సిమెంటు దిమ్మను తాత్కాలికంగా ఉంచి, కొంతకాలం తరువాత అసలు కీలును అమర్చే రెండంచెల పద్ధతి వచ్చింది.

పసితనంలో బంతి కరిగిన తుంటి మరింత కఠినం. గిన్నె సరిగా ఎదగదు. తొడ ఎముక పైకి జరిగి సన్నబడుతుంది. కాలిని ఒక్కసారిగా కిందికి లాగితే నరం దెబ్బతింటుంది కాబట్టి కొన్నిసార్లు ఎముకను కొంత కత్తిరించవలసి వస్తుంది. ఇది ప్రత్యేక నైపుణ్యం, ప్రత్యేక పరికరాలు కోరే పని.

6. గరికపాడు: దారి, సరిహద్దు, ఖర్చు:
జగ్గయ్యపేట సమీపాన హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఉన్న గరికపాడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రానికి ఎల్లగా ఉండేది. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్యకళాశాల, 1980లో విజయవాడలో మొదలైన సిద్ధార్థ వైద్యకళాశాల తూర్పువైపు దిక్కు. హైదరాబాదు పంజాగుట్టలో 1960వ దశకంలో ఎముకల వైద్యానికే ప్రత్యేకంగా నెలకొని, తరువాత నిజాం వైద్యవిజ్ఞాన సంస్థగా ఎదిగిన ఆసుపత్రి పడమటివైపు దిక్కు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ రెండు దారులూ ఒకే ప్రభుత్వం కిందివి. 2014 జూన్ 2 తరువాత గరికపాడు వద్ద మళ్లీ సరిహద్దు ఏర్పడింది. 2021 మే నెలలో కోవిడ్ రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో నిలిపివేయడం, హైకోర్టు జోక్యం చేసుకోవడం ఆ గీత బరువును చూపాయి. రెండంచెల శస్త్రచికిత్సకు పలుమార్లు ప్రయాణించవలసిన రోగికి ఏ రాష్ట్రపు కార్డు ఏ ఊళ్లో చెల్లుతుందన్నది చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు నుండి హైదరాబాదులోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీని విస్తరించడం ఈ అవసరాన్ని గుర్తించడమే.

అంతకన్నా కీలకమైన అంశం ఆరోగ్యశ్రీ తొలి నిబంధనల్లో ఉంది. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకం లక్షలాది పేదలకు పెద్ద శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చింది. అయితే తుంటి, మోకాలి మార్పిడులను ఖరీదైన చికిత్సలుగా పరిగణించి మినహాయించారు. క్షయ వంటి అంటువ్యాధులను జాతీయ కార్యక్రమాల పరిధిలోనివని మినహాయించారు. విడివిడిగా చూస్తే రెండింటికీ పాలనాపరమైన హేతువు ఉంది. కాని పాత క్షయతో తుంటి పోగొట్టుకున్న రోగి ఈ రెండు మినహాయింపుల నడుమ నిలిచాడు. జాతీయ క్షయ కార్యక్రమం దృష్టిలో అతడు మందులు పూర్తిచేసిన వ్యక్తి, అంటే విజయవంతమైన అంకె. బీమా పథకం దృష్టిలో అతడు కోరేది పరిధికి మించిన చికిత్స.

తరువాతి కాలంలో ఈ స్థితి కొంత మారింది. 2017 ఆగస్టులో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్–క్రోమియం మోకాలి అమరికకు పన్ను కాక 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ చికిత్సల జాబితాలో కీలుమార్పిడికి చోటు దక్కింది.

7. ముగింపు:
గ్లూక్ వైఫల్యం నుండి రెండంచెల పద్ధతి వరకు సాగిన చరిత్రలో వైద్యశాస్త్రం తాను మొదట తిరస్కరించిన రోగిని తిరిగి స్వీకరించింది. ప్రజారోగ్య వ్యవస్థ మాత్రం క్రిమి నశించడాన్నే గమ్యంగా లెక్కించింది. పోలియో మిగిల్చిన అవిటితనానికి సమాజంలో ఒక పేరూ గుర్తింపూ లభించాయి. ఆ రోగులకు శస్త్రచికిత్సలు చేసిన విశాఖపట్నం వైద్యుడు సుంకర వెంకట ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కీళ్ల క్షయ, పసితనపు చీము వ్యాధి మిగిల్చిన అవిటితనానికి అటువంటి ప్రత్యేక గుర్తింపు రాలేదు. క్షయ చికిత్స పూర్తయిన నాడే కీలు కదలికను, కాలి పొడవును కొలిచి నమోదు చేసి, అవసరమైనవారిని ఎముకల వైద్యానికి పంపే ఏర్పాటు ఉంటే ఈ రోగులు లెక్కలోకి వస్తారు. లెక్కలోకి వచ్చిన తరువాతే ఎవరికి ఏ శస్త్రచికిత్స, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్నలకు విధానపరమైన సమాధానం సాధ్యమవుతుంది.