రోడ్డెక్కని యంత్రాల పొగ

అమెరికాలో లారీలు, బస్సులు వదిలే పొగకు 1970వ దశకం నుంచే హద్దులు ఏర్పడినా, పునాదులు తవ్వే ఎక్స్‌కవేటర్లు, మట్టి నెట్టే బుల్డోజర్లు రోడ్డుమీద తిరిగే వాహనాలు కావన్న కారణంతో మరో రెండు దశాబ్దాలపాటు చట్టానికి అందకుండా ఉండిపోయాయి. వాటిని నియంత్రించే అధికారం స్వచ్ఛవాయు చట్టానికి 1990లో జరిగిన సవరణలతో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థకు దక్కింది. 1994లో ఖరారైన ‘టియర్ 1’ పరిమితులు 1996 నుంచి ఇంజిన్ సామర్థ్యాన్నిబట్టి దశలవారీగా అమలయ్యాయి. 2001లో టియర్ 2, 2006లో టియర్ 3 మొదలయ్యాయి.

అయితే టియర్ 3 నత్రజని ఆక్సైడ్ల పరిమితిని బిగించిందే తప్ప మసి కణాల పరిమితిని టియర్ 2 స్థాయిలోనే వదిలివేసింది. సిలిండర్‌లో వేడి పెరిగితే గాలిలోని నత్రజని ఆక్సైడ్లుగా మారుతుంది. ఆ వేడిని తగ్గిస్తే ఇంధనం పూర్తిగా కాలక మసి పెరుగుతుంది. కనుక మసిని పొగగొట్టంలోనే పట్టి కాల్చివేసే పార్టిక్యులేట్ ఫిల్టర్, అంటే సూక్ష్మరంధ్రాల పింగాణీ గోడలున్న జల్లెడ, అవసరమైంది. కానీ ఆనాటి ఆఫ్‌రోడ్ డీజిల్‌లో పదిలక్షల పాళ్లకు సుమారు 3,000 పాళ్ల (పీపీఎం) గంధకం ఉండేది. అది ఉత్ప్రేరకపు పూతను నిర్వీర్యం చేయడమేకాక తానే సల్ఫేట్ కణాలుగా మారి వెలువడేది. 2004 నాటి టియర్ 4 నియమం ఇంజిన్‌నూ ఇంధనాన్నీ ఒకే ముడిలో బిగించి, గంధకాన్ని 2007లో 500 పీపీఎంకు, 2010లో 15 పీపీఎంకు దించింది. ఘనతను ఇంజిన్ తయారీదారులకు కట్టబెట్టడం పరిపాటి అయినా, అసలు మలుపు చమురుశుద్ధి కర్మాగారాల్లోనే వచ్చిందనాలి.

ఈ పరిమితులన్నీ కొత్త ఇంజిన్లకే వర్తిస్తాయి. మరమ్మతులతో దశాబ్దాలు నడిచే బుల్డోజర్ సంగతి వేరు. బోస్టన్ ‘బిగ్ డిగ్’ సొరంగ నిర్మాణంలో పాత యంత్రాలకే ఉత్ప్రేరక పరికరాలు బిగించారు. న్యూయార్క్ నగరం 2003లో తన నిర్మాణ పనుల్లోని యంత్రాలకు అల్పగంధక డీజిల్‌ను తప్పనిసరి చేయగా, కాలిఫోర్నియా 2007లో వాడుకలోని యంత్రాలనూ నియమాల కిందికి తెచ్చి, పనిలేకుండా ఇంజిన్‌ను 5 నిమిషాలకు మించి నడపరాదంది.

భారతదేశంలోనూ ఇంధనమే ముందు నడిచింది. నిర్మాణ వాహనాల పొగ పరిమితుల్లో 2011లో వచ్చిన మూడో దశ తరువాత పదేళ్లపాటు ముందడుగు పడలేదు. 2020 ఏప్రిల్‌లో 10 పీపీఎం డీజిల్ దేశమంతటా అందుబాటులోకి వచ్చాకే 2021లో నాలుగో దశ, 2025 జనవరి 1న అయిదో దశ అమలయ్యాయి. కాగా కేంద్ర మోటారు వాహన నియమాల్లోని ‘నిర్మాణ వాహనం’ నిర్వచనం రబ్బరు టైర్లు, రబ్బరు ప్యాడ్లు, ఉక్కు డ్రమ్ము చక్రాలు గల యంత్రాలను పేర్కొంటుంది. ఆ లెక్కన టైర్ల మీద నడిచే జేసీబీ నియమంలోకి వస్తుంది. తెలుగునాట పొక్లెయిన్ అని పిలిచే, ఉక్కు చైన్ మీద నడిచే యంత్రం ఆ నిర్వచనంలో లేదు.