సీసా మీద ఊరి పేరు

మీ ముందు రెండు తేనె సీసాలు ఉన్నాయనుకోండి. ఒకటి అడవి అంచున నాలుగు పెట్టెల్లో తేనెటీగలను పెంచుకునే రైతుది. రెండవది పంచదార పాకం కలిపినది, ధర సగమే. రంగు ఒకటే, చిక్కదనం ఒకటే. తేడా తెలియనప్పుడు ఎవరైనా చౌకదే కొంటారు. అప్పుడు నష్టపోయేది నిజాయితీగా పనిచేసిన చిన్న రైతు. సరిగ్గా ఈ చిక్కే ఒకప్పుడు ఫ్రాన్స్ ద్రాక్ష రైతులకు వచ్చింది. వైన్ తాగమని ఈ పాఠం చెప్పదు, అది మత్తుపానీయమే. కాని ఆ రైతుల చరిత్ర మనందరికీ పనికివస్తుంది.

1860వ దశకంలో దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్షతీగలు ఎండిపోసాగాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1868లో మోంపెలియే నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాన్షాన్ తన సహచరులతో కలిసి తీగలను వేళ్లతో సహా పెకలించి చూశాడు. చచ్చిన తీగల వేళ్ల మీద ఏమీ కనబడలేదు. ఇంకా పచ్చగా ఉన్న తీగల వేళ్లకు మాత్రం సన్నని పసుపురంగు పురుగులు గుంపులుగా పట్టి ఉన్నాయి! తీగ చావగానే అవి పక్క తీగకు వలసపోతాయన్నమాట. అమెరికా నుంచి వచ్చిన ఆ పురుగు పేరు ఫిలోక్సెరా. 1875లో సుమారు 845 కోట్ల లీటర్లున్న వైన్ ఉత్పత్తి 1889 నాటికి 234 కోట్ల లీటర్లకు పడిపోయింది. చివరకు పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరుకు ఫ్రాన్స్ తీగ కొమ్మను అంటుకట్టి తోటలను బతికించారు.

కాని ఈలోగా మరో తెగులు పట్టుకుంది. అదే కల్తీ. కొరతను చూసి కొందరు వ్యాపారులు ఎండుద్రాక్షను నానబెట్టి, పిప్పిలో పంచదార నీళ్లు పోసి వైన్ తయారుచేశారు. పంచదార ద్రాక్షపండులోంచి వచ్చిందా, బస్తాలోంచి వచ్చిందా అన్నది ఈస్టుకు పట్టదు. రెండింటినీ ఆల్కహాలుగా మారుస్తుంది. తాజా ద్రాక్షను పులియబెట్టినదే వైన్ అని 1889లో చట్టం చేసినా మోసం ఆగలేదు. తోటలు తిరిగి కాపుకు వచ్చాక ధరలు కూలిపోయాయి.

1907 మార్చి 11న అర్జెలియే అనే పల్లె నుంచి 87 మంది రైతులు కాలినడకన నార్బాన్ పట్టణానికి వెళ్లి మొరపెట్టుకున్నారు. వారి నాయకుడు మార్సెలాన్ అల్బేర్ ఒక చిన్న రైతు. జూన్ 9న మోంపెలియేలో జరిగిన సభకు లక్షల మంది తరలివచ్చారు. అదే నెలలో నార్బాన్‌లో సైన్యం కాల్పులు జరపగా కొందరు ప్రాణాలు కోల్పోయారు. జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. ప్రతి రైతూ తన పంట ఎంతో ప్రకటించాలన్నది అందులో ఒక నియమం. అయితే ఒక సంగతి మరువకండి. ధరలు పడిపోవడానికి కల్తీ ఒక్కటే కారణం కాదు. అధిక దిగుబడి కూడా కారణమే.

అందుకే కొందరు రైతులు మరో దారి వెతికారు. 1923లో షాతోనెఫ్ దు పాప్ అనే ఊరి రైతులు బారన్ లె రువా నాయకత్వంలో తమకు తామే నియమాలు పెట్టుకున్నారు. లావెండర్, థైమ్ మొక్కలు పెరిగే బీద నేలల్లో పండిన ద్రాక్షకే ఆ ఊరి పేరు. ఫలానా రకాలే నాటాలి. కోతలో నాసిరకం పండ్లను ఏరి పక్కన పెట్టాలి. పేరు నిలబెట్టుకోవడానికి తమ చేతులకు తామే కట్టు వేసుకున్నారు! 1935లో ఇటువంటి నియమాలకు దేశవ్యాప్త చట్టం రక్షణ ఇచ్చింది.

మన దేశంలోనూ భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి 2003లో అమలైంది. దాని కింద మొదట నమోదైనది డార్జిలింగ్ టీ. బోర్లించిన కుండ మీద పల్చటి పిండిపొరలు తీసి చేసే మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు లభించింది.

అయితే గుర్తింపు ఊరిని చెబుతుంది. రుచికి పూచీ తయారుచేసేవారి చేతిదే, దాన్ని గుర్తించి విలువ కట్టడం మన పని. ఈసారి తేనె గాని, నెయ్యి గాని, బెల్లం గాని కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడిది? ఎవరు చేశారు? ఎలా చేశారు? మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పగల మనిషి ఎదురైతే, ధర రెండు రూపాయలు ఎక్కువైనా ఎందుకో మీకే అర్థమవుతుంది.