సమురాయి ధర్మము: కథయు, చరిత్రయు

పాచికలు వేయుచు, కల్పితవీరుల పాత్రలు ధరించి, పలువురు కూడి ఆడుకొను ఆటలు కొన్ని దశాబ్దులుగా లోకమున వ్యాపించియున్నవి. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వానిలో మొదటిది. 1985లో దానికి అనుబంధముగా ‘ఓరియంటల్ అడ్వెంచర్స్’ అను గ్రంథము వచ్చెను. అందు బలమునకు, చురుకుదనమునకువలెనే పరువునకును ఒక అంకె కలదు. తగిన పని చేసినచో ఆ అంకె పెరుగును. తగనిది చేసినచో తరుగును. 1995లో పుట్టిన ‘లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్’ అను మరియొక ఆటలో రొకుగన్ అను కల్పితసామ్రాజ్యము కలదు. అచటి యోధులకు ఏడు ధర్మములు విధింపబడినవి. ఈ ఆటలను బట్టి చూచువారికి సమురాయి ధర్మము ఎన్నడో రాతిపై చెక్కిన శాసనమువలె తోచును. జపాను చరిత్రలో అట్టి శాసనము నిజముగా ఉండెనా అనునది మనము విచారింపవలసిన విషయము.

సమురాయి అను పదమునకు సేవించువాడని మూలార్థము. కాని సేవాధర్మము ఎల్లప్పుడును నిలిచియుండలేదు. 1582లో అకెచి మిత్సుహిదె తన ప్రభువైన ఓద నొబునగపై క్యోతో నగరమందలి హొన్నోజి ఆలయమున దాడి వెడలి, ఆయన మరణమునకు కారకుడయ్యెను. 1600లో సెకిగహర యుద్ధము జరుగుచుండగనే కొబయకవ హిదెఅకి పక్షము మార్చెను. ఆ మార్పు తొకుగవ ఇయెయసు విజయమునకు ముఖ్యకారణమయ్యెను. ఆ కాలపు యోధులు ప్రాణమును, వంశమును, భూమిని కాపాడుకొనుటకై అవసరమును బట్టి ప్రవర్తించిరి.

1603లో తొకుగవ ప్రభుత్వము స్థాపితమైన తరువాత కొలదికాలమునకే యుద్ధములు సద్దుమణిగెను. కత్తి ధరించినవాడు బియ్యపు భృతితో జీవించు ఉద్యోగి యయ్యెను. యోధుడు ఎట్లుండవలెనను చర్చ యుద్ధభూమిని వీడి పండితుల గ్రంథములలో ప్రవేశించినది అప్పుడే.

ఆ చర్చకు గొప్ప పరీక్ష 1701లో సంభవించెను. ఎదో కోటలో చక్రవర్తి దూతలను సత్కరించు సమయమున, అకో సంస్థానాధిపతి యగు అసనొ నగనొరి, ఆచారవిధులు నేర్పు అధికారి యగు కిర యొషినకను కత్తితో గాయపరచెను. షోగున్ కోటలో కత్తి దూయుట ఘోరాపరాధము. అసనొ ఆ దినముననే షోగున్ ఆజ్ఞచే ఉదరము చీల్చుకొని మరణించెను. ఆయన సంస్థానము ప్రభుత్వమునకు వశమయ్యెను. కిరకు మాత్రము శిక్ష లేదు. కలహమందు ఉభయులును దండనీయులే యను పాత సంప్రదాయము తెలిసినవారికి ఇది అన్యాయముగ తోచెను.

అసనొ పరివారము ప్రభువు లేని యోధులై, అనగా రోనిన్‌లై, చెదరిపోయిరి. వారి పెద్ద ఓయిషి కురనొసుకె మొదట అసనొ తమ్ముని ద్వారా ఆ వంశమును నిలుపజూచెను. 1702లో ఆ ఆశ యుడిగెను. 1703 జనవరి చివర ఒక రాత్రి నలువదియేడుగురు కిర గృహముపై బడి, అతని శిరస్సును సెంగకుజి ఆలయమందలి తమ ప్రభువు సమాధి ముందుంచిరి. పిమ్మట పారిపోక, తమ కార్యమును అధికారులకు తెలిపి, తీర్పునకై వేచియుండిరి. ఆ మార్చి నెలలో ప్రభుత్వాజ్ఞచే నలువదియార్గురు ఉదరములు చీల్చుకొని మరణించిరి. వారిలో ఓయిషి కుమారుడు చికర బాల్యము వీడినవాడు కాడు.

వీరు ధర్మవీరులా, నేరస్థులా? ముగ్గురు పండితులు ముత్తెరగుల బలికిరి. మురో క్యూసో వారిని ధర్మపురుషులని కొనియాడి గ్రంథము వ్రాసెను. సతో నవొకత, అసనొకు మరణము విధించినది ప్రభుత్వమే గాని కిర కాదనియు, కావున కిర వారికి శత్రువే కాడనియు ఖండించెను. ప్రభుభక్తి వారి స్వధర్మమే గాని, స్వధర్మము రాజ్యశాసనమును మీరరాదనునది ఓగ్యూ సోరై పేర ప్రసిద్ధమైన వాదము. సగ సంస్థానపు యోధుడు యమమొతొ త్సునెతొమొ ఆక్షేపణ వేరొకటి. ఆయన మాటలు ‘హగకురె’ గ్రంథమున నున్నవి. ఇంతకాలము వేచియుండుటయే తప్పని ఆయన మతము: ఈలోగా కిర రోగముతో మరణించియుండినచో ఏమి చేసియుందురు? ఇట్లు పలికిన త్సునెతొమొ తన జీవితమున ఒక్క యుద్ధమైనను చూచినవాడు కాడు. ఒకే కార్యమునకు ఆ కాలపువారే ఇన్ని విలువలు కట్టగా, ఓయిషి పరువునకు ఏ అంకె వేయుదుము?

ఇక ఆ ఏడు ధర్మముల సంగతి. 1876లో సామాన్య సమురాయిలు కత్తి ధరించుట నిషేధింపబడెను. ఆ వర్గము అంతరించిన పిమ్మట, 1900లో నితొబె ఇనజొ ‘బుషిదో’ అను గ్రంథమును ప్రకటించెను. ఆయన క్రైస్తవుడు, వ్రాసినది ఆంగ్లమున, విదేశీయులకై. న్యాయము, ధైర్యము, దయ, మర్యాద, సత్యము, పరువు, ప్రభుభక్తి అని ఆయన అధ్యాయములుగ కూర్చినవే రొకుగన్ యోధుల ఏడు ధర్మములలో కానవచ్చును.

కూర్చినది సజ్జనుడే యైనను, కీర్తి గడించిన మాటను తరువాతివారు తమకు వలసినట్లు వాడుకొందురు. 1941 జనవరిలో జపాను సేనకు ఒక నియమావళి ప్రకటింపబడెను. ప్రాణములతో బందీ యగు అవమానమునకు లోబడరాదని అందలి విధి. సమురాయి ధర్మమును పురాతనమైన, మార్పులేని శాసనమని నమ్మిన తరమునకు ఈ విధి సహజముగనే తోచెను. తుదకు లొంగిపోవ నొప్పక వేలకొలది యువకులు పసిఫిక్ దీవులలో ప్రాణములు విడిచిరి. సెకిగహరలో పక్షము మారినవాని కథ వారెరుగని చరిత్ర కాదు; అది తమ ధర్మమునకు సంబంధించినదని వారికెవ్వరును బోధింపలేదు.

ఆటకు నియమము వలయును, నియమమునకు అంకె వలయును. అందు దోషము లేదు. కాని ఆ అంకెను చూచి, పూర్వులకు ధర్మమును గూర్చి సందేహమే లేదనుకొనుట పొరపాటు. నేటికిని తోక్యోలోని సెంగకుజిలో ఆ రోనిన్‌ల సమాధుల ముందు జనులు అగరువత్తులు వెలిగించుచునే యున్నారు. వారిని గూర్చి ఆనాడు పుట్టిన వాదము ఇంకను తీరలేదు. ఆ వాదమును విడువక వినువారికే సమురాయి పరువు ఎంత బరువైనదో కొంత బోధపడును.